కథ పెట్టుకున్న షరతు ఏమిటి? చిత్తూరు తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నన్ను అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే చనువు తీసుకుంటున్నాను. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. చిత్తూరు మిట్టూరులో నలుగురు స్నేహితులు ఆదివారం సాయంత్రం ఒకరి మిద్దె మీద చేరి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, సూపర్‌హీరో కథల గురించి మాట్లాడుకుంటారు. ఒకరు నవలలు తప్ప ఇంకోటి ముట్టరు. ఒకరు జపాన్ కామిక్స్ మనిషి. నీకు సినిమానే లోకం. నాలుగో అతను మీరేం చెప్పినా "ఇదంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉంది" అంటాడు. మూడు వారాల కింద మాటా మాటా పెరిగి, నవలల అతనూ పురాణాల అతనూ మాట్లాడుకోవడం మానేశారు. ఇంట్లోవాళ్ళేమో ఉద్యోగాలు వెతుక్కోవాల్సిన వయసులో ఈ గాలి కబుర్లేంది అంటున్నారు. ఈ కబుర్లకి విలువ ఉందా, ఉంటే కొట్లాట లేకుండా ఎలా మాట్లాడుకోవాలి అని అడిగావు.

నా సంగతి కొంచెం చెప్తాను, ఎందుకు ఇంత ధైర్యంగా జవాబిస్తున్నానో తెలుస్తుంది. తిరుపతిలో మా నాన్నకి అద్దె పుస్తకాల షాపు ఉండేది. బడి వదలగానే నేను గల్లా దగ్గర కూర్చునేవాడిని. పాత చందమామలు, డిటెక్టివ్ నవలలు, అట్టలు ఊడిపోయిన కామిక్స్ అన్నీ అక్కడే చదివాను. తర్వాత అదే గదిలో నేను వీడియో క్యాసెట్లు, ఆపైన సీడీలు అద్దెకిచ్చాను. షాపు మూతపడింది గానీ అక్కడికి వచ్చిపోయే ఆరుగురం మాత్రం విడిపోలేదు. ఇరవై మూడేళ్ళుగా శనివారం సాయంత్రాలు కలుస్తున్నాం. ఒకాయన లెక్కల మాస్టారు, ఒకాయన ఎలక్ట్రీషియన్, ఒకామె నర్సు, ఒకాయన పలమనేరు వైపు నుంచి వచ్చిన భారతం కళాకారుడు, ఒకాయన బ్యాంకు ఉద్యోగి. ఆరోవాడిని నేను. మీకు వచ్చిన తగాదాలన్నీ మాకూ వచ్చాయి.

ముందు ఇంట్లోవాళ్ళ మాట సంగతి చూద్దాం. 1815లో ఇండోనేషియాలో తంబోరా అనే అగ్నిపర్వతం పేలింది. దాని దెబ్బకి మరుసటి ఏడాది యూరప్‌లో ఎండాకాలమే రాలేదు. ఆ 1816లో స్విట్జర్లాండులో, జెనీవా సరస్సు ఒడ్డున, కొందరు స్నేహితులు వానకి బయటికి కదల్లేక ఒక బంగళాలో కూర్చుండిపోయారు. కవులు బైరన్, షెల్లీ, పొలిడోరి అనే డాక్టరు, పద్దెనిమిదేళ్ళ మేరీ, ఆమె చెల్లెలి వరసయ్యే అమ్మాయి. దయ్యాల కథలు చదువుకున్నారు. తలా ఒక కథ రాద్దామని పందెం వేసుకున్నారు. ప్రాణం అంటే ఏమిటి, చచ్చినదాన్ని కరెంటుతో కదిలించవచ్చా అని రాత్రుళ్ళు మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోంచి మేరీ షెల్లీ రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో, రచయిత్రి పేరు లేకుండానే అచ్చయింది. సైన్స్ ఫిక్షన్ దానితోనే మొదలైందని చాలామంది లెక్క. అదే బంగళా కబుర్లలోంచి పుట్టిన పొలిడోరి కథ 1819లో వచ్చింది. రక్తం తాగే పెద్దమనిషి కథలన్నిటికీ అది మూలపుటమ్మ.

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కిన్ సంగతీ అంతే. ఆక్స్‌ఫర్డులో గురువారం రాత్రులు కొందరు స్నేహితులు ఒకరి గదిలో కలిసేవాళ్ళు. రాస్తున్నది తెచ్చి పైకి చదివేవాళ్ళు, మిగతావాళ్ళు మొహమాటం లేకుండా విమర్శించేవాళ్ళు. ఉంగరం కథ అచ్చుకి వెళ్ళకముందు అధ్యాయం తర్వాత అధ్యాయంగా ఆ గదిలో వినబడింది. మీ మిద్దె మీద కూర్చునే నలుగురూ రచయితలు కావాలని నేననడం లేదు. నలుగురు మనుషులు శ్రద్ధగా ఒక ఊహ గురించి మాట్లాడుకుంటే అది గాలిలో కలిసిపోయేది మాత్రం కాదు. మీ అమ్మానాన్నలకి ఈ రెండు సంగతులూ చెప్పు. ఉద్యోగం వెతకడం కూడా మానొద్దు, వారంలో రెండు గంటలకి అదేం అడ్డురాదు.

ఇక ఎలా మాట్లాడుకోవాలి అన్నది. మేము ఏళ్ళ తరబడి "ఇది గొప్పా అది గొప్పా" అని కొట్టుకున్నాక, ఒక్క ప్రశ్న దగ్గర కుదురుకున్నాం. ఈ కథ పెట్టుకున్న షరతు ఏమిటి? ఏ ఊహాకథకైనా ఒక షరతు ఉంటుంది. ఇది జరుగుతుంది, ఇది జరగదు, జరగాలంటే ఇంత వెల కట్టాలి అని. ఆ షరతు తెలుసుకోకుండా లాజిక్ లేదనడం, ఆట నియమం తెలియకుండా అవుట్ అనడం లాంటిది.

తిరుపతి వాడిని కాబట్టి గంగమ్మ జాతరతోనే మొదలుపెడతాను. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకి జాతర జరుగుతుంది, చూసే ఉంటావు. దాని వెనక కథ ఇదీ. ఆడపిల్లల్ని చెరపట్టే ఒక పాలెగాడు ఉండేవాడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద కూడా కన్నువేశాడు. ఆమె తన అసలు రూపం చూపించేసరికి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి పట్టుకోవడానికి అమ్మ రోజుకొక వేషం వేసింది. బైరాగి, బండ, తోటి వేషాలు వేసి వీధి వీధీ వెతికింది. చివరికి దొర వేషంలో వస్తే, దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. అక్కడ చంపింది. తర్వాత మాతంగి వేషంలో వెళ్ళి వాడి పెళ్ళాన్ని ఓదార్చింది.

మా లెక్కల మాస్టారు చాలా ఏళ్ళ కింద అడిగారు, "దేవతే కదా, యాడ దాక్కున్నాడో కళ్ళు మూసుకుంటే తెలియదా? వేషాలెందుకు?" అని. ఆ శనివారం మేము రాత్రి పదకొండు దాకా లేవలేదు. నాకు తోచింది ఇదీ. ఆమె మనుషుల ఇంట్లో, మనుషుల మధ్య పెరిగిన పిల్ల. ఆ కథలో మనుషుల దారినే వెతకాలన్నది షరతు. దొర వేషానికి వాడు బయటికి రావడంలో ఇంకో సంగతి ఉంది. పేదవాళ్ళ మీద అధికారం చూపించినవాడు, తనకన్నా పైవాడి ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆ అలవాటే వాణ్ణి పట్టిచ్చింది. నర్సు గారు ఓదార్పు గురించి చెప్పింది నేనెప్పటికీ మర్చిపోను. "చంపినావిడే వెళ్ళి వాడి భార్య పక్కన కూర్చుంది. నేను చూసిన సూపర్‌హీరో సినిమాల్లో విలన్ ఇంటికి పలకరింపుకి వెళ్ళినవాళ్ళు లేరు" అంది.

ముసుగు వేసుకున్న హీరోల గురించి మాట్లాడేటప్పుడు నేను ఇప్పటికీ ఆ మాటకే తిరిగొస్తాను. అమెరికా హీరో ముసుగు ఒక్కడిది, రహస్యం. గంగమ్మ వేషం ఊరందరిదీ. జాతర రోజుల్లో పిల్లలు, పెద్దవాళ్ళు, మగవాళ్ళు చీరలు కట్టుకుని మరీ ఆ వేషాలు వేసి వీధుల్లో నడుస్తారు.

ఇప్పుడు మీడియం మారితే ఏమవుతుందో చూడు. మీ నవలల అతనికీ నీకూ ఇది బాగా పనికొస్తుంది. సూపర్‌మ్యాన్ 1938లో కామిక్స్‌లో మొదటిసారి వచ్చినప్పుడు ఎగరలేడు. మైలులో ఎనిమిదో వంతు దూరం దూకగలడు, ఇరవై అంతస్తుల మేడ దాటగలడు, అంతే. 1940లో రేడియో నాటకం మొదలైంది, 1941లో కార్టూన్ సినిమాలు వచ్చాయి. కామిక్ బొమ్మలో దూకుడు ఒక్క గడిలో గొప్పగా ఉంటుంది. కదిలే బొమ్మలో మనిషి అలా గెంతుకుంటూ పోతే కంటికి ఇంపుగా లేదు. అందుకని ఎగిరాడు. కామిక్స్ కూడా ఆ దారికే వచ్చాయి. అతనికి ప్రాణగండమైన క్రిప్టోనైట్ రాయి కూడా రేడియోలోనే 1943లో పుట్టింది, కామిక్స్‌లోకి 1949లో వచ్చింది. అంటే ఈ రోజు మనం "అసలు సూపర్‌మ్యాన్" అనుకునే రెండు ముఖ్యమైన లక్షణాలు మూలంలో లేవు. రేడియో, కార్టూన్ పెట్టినవి. మూలమే గొప్ప అని పట్టుబట్టేవాళ్ళకి మా గుంపులో ముందు ఈ సంగతే చెప్తాం.

స్పైడర్‌మ్యాన్ సాలెదారం మీద మా ఇంట్లో నాకూ మా అమ్మాయికీ నెల రోజులు వాదన నడిచింది. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన కామిక్స్‌లో ఆ కుర్రాడు దారం తీసే మందునీ, మణికట్టుకి కట్టుకునే పరికరాన్నీ తనే తయారు చేసుకుంటాడు. 2002 సినిమాలో దారం మణికట్టులోంచే వస్తుంది. 2012లో కొత్తగా తీసిన సినిమాలో మళ్ళీ పరికరమే. ఏది మంచిది అని అడిగితే తగవు తప్ప మిగిలేదేమీ ఉండదు. షరతు మారితే కథ ఎటు వెళ్ళింది అని అడుగు. పరికరం ఉంటే అతను చేతిలో డబ్బు లేని తెలివైన స్టూడెంట్. కొట్లాట మధ్యలో మందు అయిపోవచ్చు, చెడిపోవచ్చు, ఆ టెన్షన్ కథకి దొరుకుతుంది. ఒంట్లోంచి వస్తే అది వయసొచ్చే పిల్లవాడి శరీరం మారడం లాంటిది, ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు, భయం. నాకు మొదటిది ఇష్టం, మా అమ్మాయికి రెండోది. ఆ వాదన తర్వాత, పదిహేనేళ్ళ పిల్ల ఏ భయంతో ఆ సినిమా చూసిందో నాకు అర్థమైంది. పేరెంట్స్ మీటింగుల్లో కూడా నాకు అంత తెలియలేదు.

పుస్తకం నుంచి సినిమాకి మారేటప్పుడు తీసేసినవి కూడా ఇలాగే చూడాలి. టోల్కిన్ పుస్తకంలో టామ్ బాంబడిల్ అని అడవిలో ఉండే విచిత్రమైన మనిషి ఉన్నాడు. లోకమంతా వణికే ఆ ఉంగరాన్ని వేలికి పెట్టుకుంటే అందరూ మాయమవుతారు, అతను మాయం కాడు. నవ్వుతూ తిరిగిచ్చేస్తాడు. 2001లో వచ్చిన మొదటి సినిమాలో అతను లేడు. నవలలు చదివేవాళ్ళు దీన్ని ద్రోహం అంటారు, నేనూ మొదట అన్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఉంగరానికి లొంగనివాడు లేడు అన్న భయం మీద సినిమా మూడు గంటలు నడవాలి. మొదటి గంటలోనే ఒకాయన దాన్ని బొంగరంలా ఆడిస్తే ఆ భయం నిలవదు. పుస్తకం చదివేవాడికి తీరిక ఉంది, నెల రోజులు చదువుతాడు, ఈ లోకంలో ఉంగరం కన్నా పాతవి కూడా ఉన్నాయి అన్న ఆలోచన మెల్లగా నానుతుంది. రెండూ సరైనవే. ఏ పని కోసం ఏది వదిలారు అన్నది పట్టుకుంటే మీ ఇద్దరూ కొట్టుకోవాల్సిన పనిలేదు.

మన దగ్గరికి వస్తే, పుస్తకానికీ సినిమాకీ మధ్య గోడ మొదటి నుంచీ పల్చనే. 1947 జులైలో చందమామ పత్రిక మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే విజయా సంస్థ పేరుతో 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' తీశారు. రెండింటికీ దర్శకుడు కె.వి.రెడ్డి, కెమెరా మార్కస్ బార్ట్లే. నెలనెలా పిల్లలకి మాంత్రికుల కథలు అందించిన ఇంటివాళ్ళే తెర మీద మాంత్రికుణ్ణి నిలబెట్టారు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి రాసిన సీరియల్స్ చదవకపోతే వెతికి చదవండి. పేరు అచ్చు వేసుకోకుండా రాసిన మనిషి. చిత్ర గారు గీసిన బొమ్మలతో కలిపి చదివితేనే వాటి రుచి. కోయవాళ్ళు, మొసలి ముఖాలవాళ్ళు, ఏనుగులు, కోటలు, ప్రతి నెలా ఒక ప్రమాదం అంచున ఆపేసేవారు. మా షాపులో ఆ సంచికలకి నెల ముందే పేర్లు రాయించుకునేవాళ్ళు.

'మాయాబజార్'ని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం కదా అని పక్కన పెట్టొద్దు. ఈ షరతు అన్న మాట నాకు అసలు తట్టింది ఆ సినిమా చూస్తూనే. అందులో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంది. మూత తెరిచినవాళ్ళకి ఏదంటే ప్రాణమో అదే అందులో కనిపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనిపిస్తాడు. ఈ రోజుల్లో దాన్ని వీడియో కాల్ అంటారు చాలామంది, అక్కడితో ఆగిపోతారు. వీడియో కాల్‌లో మనం ఎవరికి చేస్తే వాళ్ళే కనిపిస్తారు. ఆ పెట్టెలో మనం దాచుకున్నది బయటపడుతుంది. అది నలుగురి మధ్య తెరిస్తే ఎంత ప్రమాదమో ఆలోచించు. ఇక సత్యపీఠం. దాని మీద నిలబడితే నిజం తప్ప నోట రాదు. శకునిని దాని మీదకి ఎక్కిస్తారు. మాయలు ఎన్నున్నా ప్రతిదానికీ ఒక హద్దు, ఆ హద్దులోంచే కథ మలుపు. ఇంకో మాట. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. పాండవులు ఆ సినిమాలో కనబడరు. మన జనం భారతం అనే పెద్ద లోకాన్ని తీసుకుని, దాని పక్క సందులో తమ సొంత కథ కట్టుకున్నారు. "ఇది మూలంలో లేదు" అని ఎవరైనా ఒక సిరీస్‌ని కొట్టిపారేస్తే నేను శశిరేఖ పేరు చెప్తాను.

మీ పురాణాల స్నేహితుడి దగ్గరికి వస్తున్నాను. నువ్వు రాసిన తీరు చూస్తే మీ ముగ్గురికీ అతని మీద విసుగు ఉన్నట్టుంది. అది మార్చుకోండి. మా గుంపులో అలాంటి మనిషి మా భారతం కళాకారుడే, మాలో అందరికన్నా లోతుగా మాట్లాడేదీ ఆయనే. మీ జిల్లాలో ధర్మరాజు తిరునాళ్ళు తెలియనివాళ్ళుంటారా? ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ళ దగ్గర 18 రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడి తపస్సు రోజు వేషగాడు అంత ఎత్తు మాను పద్యాలు పాడుకుంటూ ఎక్కుతాడు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ, సాయంత్రం నిప్పుల గుండం. మా కళాకారుడు ఆ మాను ఎక్కిన మనిషి. ఒకసారి మాలో ఒకరు సినిమా చివర ఏమవుతుందో ముందే చెప్పేశారని పెద్ద రగడ అయింది. ఆయన నిదానంగా అన్నారు, "దుర్యోధనుడు చస్తాడని తెలియనివాడు మా జనంలో ఒక్కడూ ఉండడప్పా. అయినా తెల్లారి నాలుగింటికి కూడా లేచిపోరు. ఏం జరుగుతుందో చూడ్డానికి రారు, ఈసారి ఎలా చస్తాడో చూడ్డానికి వస్తారు." అప్పటి నుంచి మా దగ్గర పద్ధతి ఒకటే. కొత్త కథకి మొదటి రెండు వారాలు ముగింపు ఎవరూ చెప్పరు. ఆ తర్వాత ముగింపుతో సహా మాట్లాడతాం, ఎందుకంటే ముగింపు తెలిశాకే అసలు చర్చ నడుస్తుంది.

"అన్నీ మన దగ్గరే ఉన్నాయి" అన్న మాటని కాదనకుండా ముందుకు తీసుకెళ్ళే దారి ఒకటుంది. ఏ షరతుతో ఉంది అని అడగండి. హిరణ్యకశిపుడు వరం అడిగాడు. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు, మనిషి చేతిలో వద్దు, జంతువు చేతిలో వద్దు, ఇంట్లో వద్దు, బయట వద్దు. లాయరు రాసిన పత్రంలా ఉంటుంది. అయినా సందెవేళ గడప మీద నరసింహుడు వచ్చాడు. పురాణంలో షరతు ఒకరు ఇంకొకరికి ఇచ్చిన మాట. ఇచ్చినవాడు ఉన్నాడు, పుచ్చుకున్నవాడు ఉన్నాడు, మధ్యలో న్యాయం ఉంది. సైన్స్ ఫిక్షన్‌లో షరతు ప్రకృతిది. వెలుగు వేగాన్ని దాటనివ్వమని తపస్సు చేసి అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు. ఈ తేడా పట్టుకున్నాక మా భారతం ఆయనా లెక్కల మాస్టారూ పాత తగవు వదిలేసి గంటలు గంటలు మాట్లాడుకుంటున్నారు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' చూశాక ఆయనే ఒక ప్రశ్న తెచ్చారు. భారతంలోని సౌప్తికపర్వంలో కృష్ణుడు అశ్వత్థామకి ఇచ్చిన శాపం మూడు వేల ఏళ్ళు తిరగమని. సినిమాలో కథ కురుక్షేత్రం తర్వాత ఆరు వేల ఏళ్ళకి నడుస్తుంది. గడువు పెంచడం వల్ల శాపం కాస్తా ఏమైంది? శిక్షగా మొదలైంది కాపలా ఉద్యోగంగా మారింది అన్నారు. అది విన్నాక ఆ సినిమాని నేను ఇంకోసారి చూశాను.

సైన్స్ ఫిక్షన్ మనది కాదు, మనవాళ్ళకి అర్థం కాదు అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగే చోట భూగర్భ శాఖ వాళ్ళ బోర్డు ఒకటి ఉంది, ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అని. అక్కడ కిందున్న రాయికీ పైనున్న రాయికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ ఖాళీ ఉంది. అన్ని కోట్ల ఏళ్ళ చరిత్ర ఒక గీతలో మాయమైపోయింది. గోవిందా అంటూ దాని పక్క నుంచే పోతుంటాం. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధన కేంద్రం రాడార్ ఆకాశంలో మన కంటికి కనబడని గాలి పొరల్ని కొలుస్తూ ఉంటుంది. 2023 జులై 14న మధ్యాహ్నం శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచినప్పుడు మా వీధిలో మిద్దెలన్నీ జనంతో నిండిపోయాయి. ఇలాంటి చోట పుట్టినవాళ్ళకి ఈ కథలు పరాయివి ఎలా అవుతాయి?

కాలంలో ప్రయాణం గురించి ఒక జోడీ చెప్తాను, మీరు తప్పకుండా పెట్టుకోండి. హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన 'టైమ్ మెషిన్', సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీసిన 'ఆదిత్య 369'. సింగీతం గారు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి, గుర్తుపెట్టుకో, దారం తెగలేదు. వెల్స్ ప్రయాణికుడు ఏకంగా 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. అక్కడ మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. పైన ఎండలో ఏ పనీ తెలియని సుకుమారులు, కింద చీకట్లో యంత్రాలు నడుపుతూ రాత్రిపూట పైవాళ్ళనే తినేవాళ్ళు. పనిచేసేవాళ్ళనీ తినేవాళ్ళనీ వేరుచేసి పెట్టిన తన దేశం ఎటు పోతుందో చూపించాడు. మన సినిమా ముందు 1526కి, కృష్ణదేవరాయల కొలువుకి వెళ్తుంది, ఆ తర్వాతే 2504కి. నాకు ఆ వరస చాలా ఇష్టం. తిరుమల గుడి లోపల ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడ్డ రాయల విగ్రహాన్ని మా నాన్న నా చిన్నప్పుడు ఎత్తుకుని చూపించాడు. సినిమాలో యంత్రం తలుపు తెరుచుకుని రాయల కాలం కనబడగానే, ఆ చేతులు జోడించిన మనిషి నడుస్తూ వచ్చినట్టు అనిపించింది. రేపు ఏమవుతామో అన్న భయంతో వెల్స్ మిషన్ ఎక్కాడు. మనవాళ్ళు పోయినవాళ్ళని ఒకసారి చూసి రావాలన్న ఆశతో ఎక్కారు. మీరు నలుగురూ ఎక్కితే ఏ వైపు పోతారో మాట్లాడుకోండి, ఒకరి గురించి ఒకరికి చాలా తెలుస్తుంది.

జపాన్ కామిక్స్ గురించి నేను ఎక్కువ చెప్పను, మీ అతనే చెప్పాలి. మిగతా ముగ్గురూ కనీసం ఒక్క సంపుటం చేత్తో పట్టుకుని, కుడి నుంచి ఎడమకి చదివి చూడండి. కన్ను ఆ దారికి అలవాటు పడటానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల ఓపిక లేకుండా "పిల్లల బొమ్మలు" అనొద్దు.

ఆ మాట ఎందుకంటున్నానంటే, మా గుంపు ఒకసారి దాదాపు విరిగిపోయింది, తప్పు నాదే. మా ఎలక్ట్రీషియన్ ఒక టీవీ సీరియల్ గురించి చెప్తున్నాడు. చేతబడి, నాగకన్యలు ఉండేది. చిన్నప్పుడు వాళ్ళమ్మతో కలిసి ప్రతి వారం చూసేవాడట. నేను అందరి ముందూ "అది కూడా ఒక కథేనా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. లేచి వెళ్ళిపోయాడు. రెండేళ్ళు రాలేదు. తర్వాత తెలిసింది, ఆ సీరియల్ నడిచిన ఏడాదే వాళ్ళమ్మ పోయింది. నేను ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆ సీరియల్ సీడీలు సంపాదించి తీసుకెళ్ళాను, ఇద్దరం కూర్చుని చూశాం. బొమ్మ నాసిరకం, నటన అతి. కానీ నాగకన్య తన మణి పోగొట్టుకుంటే ఇంటికి తిరిగి వెళ్ళలేదన్న షరతు మాత్రం గట్టిగా ఉంది, ఆ పిల్ల తన ఇంటి కోసం ఏడ్చే ఘట్టంలో ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటి నుంచి మా దగ్గర ఎవరు కొత్త కథ తెచ్చినా ముందు వాళ్ళకి అందులో ఏది నచ్చిందో చెప్పనిస్తాం. ఆ చెప్పడం పూర్తయ్యే దాకా ఎవరూ తప్పు పట్టరు. తప్పులు తర్వాత ఎన్నైనా పట్టొచ్చు, మా మాస్టారు పడతారు కూడా.

పద్ధతి గురించి ఇంకో రెండు మాటలు. ఒక వారానికి ఒకే కథ, అది కూడా రెండు మీడియాల్లో దొరికేది తీసుకోండి. మొత్తం సిరీస్ నెత్తినేసుకోవద్దు, తలా ఒక ఘట్టం తెస్తే చాలు. ఫోన్లు కింద పెట్టించు, లేకపోతే ఎవరో ఒకరు సమాచారం వెతికి చదివి వినిపిస్తారు, మాట అక్కడే చచ్చిపోతుంది. చివర్లో బేతాళుడు అడిగినట్టు ఒక ప్రశ్న మిగలాలి, తెలిసి కూడా చెప్పకపోతే తల వెయ్యి చెక్కలయ్యేలాంటిది. అది వచ్చే వారానికి.

ఈ ఆదివారం మాత్రం ముందు నువ్వే పురాణాల స్నేహితుడి ఇంటికి వెళ్ళు, ఫోన్ చేయొద్దు. హిరణ్యకశిపుడి వరాన్నీ సూపర్‌మ్యాన్ క్రిప్టోనైట్‌నీ పక్కపక్కన పెట్టి పావుగంట మాట్లాడమని అడుగు. నవలల అతనికి ఆ పావుగంటలో ఒక్క పని అప్పజెప్పు, మధ్యలో మాట్లాడకుండా విని, తనకి నచ్చిన మాట ఒకటి కాగితం మీద రాసుకోవాలి. పావుగంట అయ్యాక ఆ కాగితం అతనే చదవాలి. అక్కడి నుంచి మాట దానంతటదే నడుస్తుంది, మీరు ఇద్దరూ పక్కకి జరిగి టీ పెట్టుకోండి.